ఖాళీ జెల్‌కు ఒక్క సాక్షి

నా మీద ఇన్నేళ్లుగా ఉన్నది రెండు మాటల బరువు. "చూడలేదు సార్" అన్నాను. అంతే. దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఎవరి కాగితాలూ మార్చలేదు. పొయ్యి మీద పాలు పొంగితే దింపడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు ఆ మాట అనడానికి. అయినా అది నాతోనే ఉంది. క్లాసులో పాఠం చెబుతుంటే ఉంటుంది, అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఉంటుంది, ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు మరీ ఎక్కువగా ఉంటుంది.

మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్లకు చెప్పబోయాను. మా ఆయనకు చెప్పినప్పుడు తప్పంతా మా సారుదిగా తేలింది. మా చెల్లెలికి చెప్పినప్పుడు తప్పు కరెంటు కోతది. చెప్పిన ప్రతిసారీ కథను కాస్త నా వైపు వంచుకున్నాను. మీ ముందు వంచుకోవలసిన అవసరం లేదు. అయినా వంచుతానేమో, కనిపెట్టి ఉండండి.

2010లో నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్ బుద్వేల్ వైపు. మా పొలం మాత్రం శంషాబాద్ దాటాక, విమానాలు దిగే దారి కింద ఉండేది. విమానం నెత్తి మీదికి రాగానే మాట ఆపడం, అది పోయాక అదే మాటను మధ్యలోంచి అందుకోవడం మాకు అలవాటైపోయింది. మాది గుంటూరు వైపు. నాన్నగారి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడ్డాం. నాకు గైడ్‌గా ఉన్న మా సారుదీ మా వైపే. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మేం చూసేది వరి గింజలోని పిండాన్ని. పూత మీద పుప్పొడి పడ్డాక, మొదటి రెండు మూడు రోజుల్లో పొట్టు లోపల ఏం జరుగుతుందన్నది మా ప్రశ్న. పిండానికి సగం జన్యువులు తల్లి మొక్క నుంచి, సగం తండ్రి మొక్క నుంచి వస్తాయి. అది బడిపిల్లలకూ తెలుసు. కానీ రావడం వేరు, పనిలోకి దిగడం వేరు. తొలి రోజుల్లో తల్లివే పనిచేస్తాయని, తండ్రివి నిద్రలో ఉండి తర్వాత లేస్తాయని మా సారు నమ్మకం. దాన్ని రుజువు చేయడం నా పని. రుజువు చేయడం అన్నాను, చూడండి. కనుక్కోవడం అనాలి. అప్పట్లో నాకు ఆ తేడా తట్టలేదు.

పద్ధతి చెబుతాను, కష్టమేమీ కాదు. జన్యువు పనిచేస్తుంటే దాని నుంచి ఆర్ఎన్ఏ అనే నకలు తయారవుతుంది. నిద్రపోతున్న జన్యువుకు నకలు ఉండదు. పిండంలోంచి ఆ నకళ్లు తీసి, మందులు కలిపి పెంచి, జున్ను ముక్కలా ఉండే జెల్ అనే పలకలో కరెంటు పెట్టి నడిపిస్తాం. మేం ఎంచుకున్న రెండు వరి రకాల్లో ఒకదాని నకలు పైన ఆగుతుంది, రెండోదానిది కిందికి జారుతుంది. పైది తల్లి గీత, కిందిది తండ్రి గీత. గీత కనిపిస్తే ఆ జన్యువు పనిలో ఉన్నట్టు.

నా మొదటి పంట పిండాల్లో తల్లి గీత దట్టంగా వచ్చింది. తండ్రి గీత ఉందా లేదా అన్నట్టుంది. సారు ఆ ఫొటోను వెలుతురుకు పట్టుకుని ఎంతసేపు చూశారో. సెమినార్‌లో నేను దాన్ని తెర మీద పెట్టినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. "ఈ అమ్మాయి చెయ్యి మంచిది" అని సారు అందరి ముందూ అన్నారు. నాకు అప్పటిదాకా ఎవరూ అలా అనలేదు. ఇంట్లో అన్నం మాడ్చే చెయ్యి అది. ఆ మాట విన్నాక ఒక వారం నేల మీద నడవలేదు.

ఆ మరుసటి ఏడు రేణుక చేరింది. శంషాబాద్ పక్క ఊరే వాళ్లది, మా పొలానికి దగ్గర. వాళ్ల నాన్న వరీ మొక్కజొన్నా వేసేవాడు. వాళ్లింట్లో పీజీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. నన్ను అక్కా అనేది. ఆ ఫలితం మీద పేపరు రాసి పరిశోధన పత్రికకు పంపించే ముందు నా ప్రయోగాన్ని ఇంకొకరు మళ్లీ చేసి చూడాలి కదా, ఆ పని సారు రేణుకకు అప్పగించారు. అది ఊరికే లాంఛనం అనుకున్నాం.

ఇక్కడ కడగడం గురించి చెప్పాలి. అంతా అక్కడే ఉంది. మూడు రోజుల వరి పిండం నువ్వుగింజ కొసంత కూడా ఉండదు. మైక్రోస్కోప్ కింద సూదితో లేత గింజను చీల్చి దాన్ని బయటికి తీస్తాం. దాని చుట్టూ ఉండే పొర, తోలు, అదంతా తల్లి మొక్క ఒళ్లు. ఆ తోలు ముక్క ఒకటి అంటుకుని వచ్చినా చాలు, పిండంలో ఉన్నదానికంటే తల్లి నకళ్లే ఎక్కువ వచ్చేస్తాయి. అందుకని తీసిన పిండాన్ని శుభ్రమైన నీటి చుక్కలో ముంచి, సన్నటి గాజు గొట్టంతో ఎత్తి ఇంకో చుక్కలో, మళ్లీ ఇంకో చుక్కలో వేస్తూ కడగాలి. నేను ఒక్క చుక్కలో ముంచి తీసేదాన్ని. ఎక్కువ కడిగితే పిండాలు గొట్టానికి అంటుకుని పోతాయి, నాకేమో చాలా పిండాలు కావాలి. రేణుక అలా కాదు. వరసగా చుక్కలు పెట్టుకుని, ఒక్కో దాంట్లో వేసి, వేలితో గొట్టాన్ని తట్టి, మళ్లీ మైక్రోస్కోప్‌లో చూసి, ఒక్క పిండం దగ్గరే కూర్చునేది. నేను ఆటపట్టించేదాన్ని. పెళ్లికూతురికి కూడా ఇంత స్నానం చేయించరు కదే అనేదాన్ని.

"నవ్వకక్కా," అనేది. "ఒక్క చుక్కల ముంచితే పోదు. తల్లి తోలు గట్లనే అంటుకోనుంటది."

విన్నాను. నవ్వాను. నా మొదటి పంటంతా ఒక్క చుక్క పంటే అని ఆ క్షణంలో నాకు తట్టిందా? తట్టింది. తట్టిన దాన్ని అక్కడే తొక్కిపెట్టానా? పెట్టాను. 

2011లో వరి పూతకొచ్చిన రోజుల్లోనే తెలంగాణ కోసం సమ్మె. బస్సులు ఆగిపోయాయి. అత్తాపూర్ నుంచి శంషాబాద్ వెళ్లే దారి లేదు, ఆటోవాళ్లు రామన్నారు. బంద్ అని పూత ఆగదు కదా. సాయంత్రం పూట కంకి మీది ఒక్కో గింజ పొట్టునూ కత్తిరించి, లోపలి కేసరాలు పట్టకారుతో లాగేసి, కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కాక తండ్రి మొక్క పూలు విచ్చుకునే వేళకు పుప్పొడి దులపాలి. ఒక్క రోజు తప్పితే ఆ కంకి పోయినట్టే. పీహెచ్‌డీలో ఒక పంట పోవడమంటే ఒక ఏడాది పోవడం.

రేణుక ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు పరేషాన్ గాకు. నీ కంకులు గూడ నేనే చూస్కుంట. సైకిలుంది గదా." సమ్మె ఉన్నన్ని రోజులూ నా కంకులూ ఆమే చూసుకుంది. నా పేరు రాసిన సంచులు తొడిగింది. మధ్యలో ఒక ఆదివారం శంషాబాద్ రోడ్డు మీద వంటావార్పు జరిగితే వెళ్లింది, రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండిన కిచిడీ ఒక డబ్బాలో దాచి, బస్సులు తిరగడం మొదలయ్యాక మళ్లీ అలాంటిదే ఇంట్లో వండి నాకు తెచ్చింది. దాచిన డబ్బా పాచిపోయిందట. నేను తిన్నాను. బాగుందన్నాను.

ఆ కంకుల పిండాలతోనే రేణుక ప్రయోగం చేసింది. రెండు గీతలు వచ్చాయి. పైన తల్లి, కింద తండ్రి. రెండూ దట్టంగా, ఒకదానికొకటి తీసిపోకుండా.

అంటే తండ్రి జన్యువులు నిద్రపోవడం లేదన్నమాట. మొదటి నుంచీ పనిలోనే ఉన్నాయి.

అయితే దీనికి ఇంకో అర్థం కూడా చెప్పుకోవచ్చు, అదే చిక్కు. డీఎన్ఏ అనేది జన్యువు నిద్రలో ఉన్నా లేచినా ఉంటుంది. ఆర్ఎన్ఏ తీసేటప్పుడు దాంతోపాటు కాస్త డీఎన్ఏ వచ్చేస్తే తండ్రి గీత దొంగదారిన కనిపిస్తుంది. అందుకని ముందే డీఎన్ఏను చంపే మందు వేస్తాం. అది చచ్చిందో లేదో చూడడానికి ఇంకో పరీక్ష ఉంది. నకళ్లను పెంచడానికి ముందు వేయాల్సిన మందు వేయకుండా అదే నమూనాను జెల్ మీద నడిపిస్తాం. ఆ మందు లేనిదే ఆర్ఎన్ఏ పెరగదు కాబట్టి, డీఎన్ఏ మిగిలి ఉంటేనే గీత వస్తుంది. లేకపోతే ఏమీ రాదు. ఖాళీ జెల్ రావాలి. ఖాళీగా ఉంటేనే పాసైనట్టు.

రేణుక ఆ పరీక్ష చేసిన రోజు నేను ఆమె పక్కన ఉన్నాను. డీఎన్ఏను చంపే మందు వేయడం చూశాను. జెల్‌ను దీపం పెట్టె మీద పెట్టినప్పుడు ఇద్దరం వంగి చూశాం. ఒక్క గీత లేదు. ఫొటో తీద్దామనుకునేలోపే కరెంటు పోయింది. అప్పట్లో కోతలు అలా ఉండేవి. జనరేటర్ పెద్ద యంత్రాలకే. ఆమె ఆ జెల్‌ను చేతిలో పట్టుకుని కరెంటు కోసం నిలబడింది. నాకు ఆకలిగా ఉంది, క్యాంటీన్ మూసేస్తారని తొందరగా ఉంది.

"ఏమీ లేనిదానికి ఫొటో ఎందుకే? పడేయ్, పద" అన్నాను.

పడేసింది. నా మాట మీద పడేసింది. నేను సీనియర్‌ని కదా.

ఇంతటితో ఆగితే నాది తొందరపాటు అనవచ్చు. ఆగలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు రేణుక ఊరెళ్లినప్పుడు నేను నా వాటా పిండాలు కొన్ని తీసుకుని, ఆమెలాగే వరసగా చుక్కలు పెట్టుకుని కడిగాను. ఎవరికీ చెప్పలేదు. జెల్ మీద రెండు గీతలు వచ్చాయి. ఖాళీ పరీక్ష కూడా చేశాను. ఖాళీగానే వచ్చింది. అంటే నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసింది. నా సెమినార్‌లో తెర మీద చప్పట్లు కొట్టించుకున్నది పిండం కాదు, దానికి అంటుకున్న తల్లి తోలు. ఆ జెల్‌నూ పడేశాను. ఈసారి కరెంటు ఉంది. ఫొటో తీయనిది నేనే.

2012 వేసవి మొదట్లో సారు మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచారు. నా పేపరు దాదాపు సిద్ధం. బల్ల మీద రేణుక రెండు గీతల ఫొటో ఉంది. ఆయనకు కోపంగా లేదు, విసుగ్గా ఉంది. ఖాళీ పరీక్ష ఫొటో ఏదని అడిగారు. కరెంటు పోయింది సార్, తీయలేదు అంది రేణుక. మళ్లీ చేయమన్నారు. నమూనా అయిపోయింది సార్ అంది. అంత చిన్న పిండాల్లోంచి వచ్చేది ఎంత గనక.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మాయీ, నీ మనసు చదువు మీదుందా, ధర్నాల మీదుందా?" అన్నారు.

నేను నవ్వాను. పెద్దగా కాదు, పెదాలతో. ఆయన చూశారు. రేణుకా చూసింది. సమ్మె రోజుల్లో నా కంకులకు సంచులు తొడిగిన మనిషి ఎదురుగా, సైకిలు మీద తిరిగిన మనిషి ఎదురుగా, నేను ఆ మాటకు నవ్వాను. మా వైపువాళ్లు నలుగురు కూడినప్పుడు అలాంటి మాటలు వినడం, నవ్వడం నాకు అలవాటే. మా ఇంట్లోనూ అనేవాళ్లు. అలవాటు కాబట్టి వచ్చింది అని సరిపెట్టుకోవచ్చా? చాలాకాలం సరిపెట్టుకున్నాను.

అప్పుడు సారు నా వైపు తిరిగారు.

"ఏమ్మా, నువ్వు పక్కనే పనిచేస్తావు కదా. ఈ అమ్మాయి డీఎన్ఏ క్లీన్ చేసిందా? ఖాళీ జెల్ నువ్వు చూశావా?"

నిజాయితీగా అడిగారు. ఇది మాత్రం ఆయన పక్షాన చెప్పాలి. చూశానంటే ఆయన నమ్మేవారు. నా మాట ఆయనకు ఫొటోతో సమానం. ఆ తర్వాత ఏమయ్యేది? రేణుకది శుభ్రంగా ఉంటే నాదెందుకు అలా వచ్చింది అని అడిగేవారు. ఎలా కడిగావు అని అడిగేవారు. పేపరు ఆగేది, థీసిస్ ఒక పంట వెనక్కిపోయేది. లెక్చరర్ పోస్టు ఒకటి పడబోతోందని అప్పటికే తెలుసు. ఇదంతా ఆ గదిలో ఆలోచించానని మీకు చెబితే అబద్ధం. ఆలోచించలేదు. ఆలోచన అంతా ముందే అయిపోయింది, నా జెల్‌ను చెత్తబుట్టలో వేసినప్పుడే.

"చూడలేదు సార్" అన్నాను.

 అక్క చూసింది సార్ అని రేణుక అనవచ్చు. అనలేదు. సారు తల ఆడించి, ఆ ఫొటోను పక్కన పెట్టేశారు. వచ్చే పంటకు చూద్దాంలే అన్నారు.

మెట్ల మీద నన్ను ఆపింది.

"పక్కకే ఉన్నవ్ గదా అక్కా."

కోపంతో అడిగి ఉంటే నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. ఎక్కడో పెట్టిన తాళంచెవి నీ దగ్గరేమైనా ఉందా అన్నట్టు అడిగింది. నాకు ఇంకో అవకాశం ఇచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. వెనక్కి పది మెట్లు ఎక్కితే సారు గది.

"నాకు గుర్తు లేదు రేణుకా" అన్నాను.

 "మంచిదక్కా," అని దిగిపోయింది.

ఆ తర్వాతది చకచకా జరిగింది. పేపరు వచ్చింది. అందులో రేణుక పేరు లేదు, ఆమె ఫలితం లేదు. వచ్చే పంటకు చూద్దామన్న సారు ఆ మడిని వేరే పనికి ఇచ్చేశారు, రేణుకను ఇంకెవరి ప్రయోగానికో సాయంగా వేశారు. ల్యాబ్‌లో ఆమె ఏ ఫలితం చూపించినా ఎవరో ఒకరు క్లీన్ చేశావా అని అడగడం మొదలుపెట్టారు. మొదట వేళాకోళంగానే. తర్వాత నిజంగానే. నేను అడగలేదు. అడగకపోవడం కూడా గొప్పే అనుకున్నాను, చూడండి ఎంతకు దిగజారానో. ఏడాది తిరక్కుండా రేణుక పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి వెళ్లిపోయింది. వెళ్లేరోజు అందరికీ చెప్పి వెళ్లింది, నాకూ చెప్పింది. తన గాజు గొట్టాల డబ్బా నా బల్ల మీద పెట్టి, నీకు పనికొస్తయక్కా అంది. వాటిని నేను వాడలేదు. పారేయనూ లేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. థీసిస్ కట్టకు బంగారు అక్షరాలు వేయించాను. పెళ్లయింది.

2014లో, రాష్ట్రం వచ్చిన ఏడాదే, నా విద్యార్థులను ఒక విత్తనాల కంపెనీ ల్యాబ్ చూపించడానికి తీసుకెళ్లాను. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్ట్ రోడ్డు నుంచి లోపలికి, గోడౌన్ల వరసలో ఒక రేకుల షెడ్డు. లోపల మాత్రం చల్లగా, శుభ్రంగా ఉంది. చెప్పులు విప్పించారు. ఎదురొచ్చి తీసుకెళ్లిన ఇన్‌ఛార్జి మేడమ్ రేణుక.

నాకు ముందే తెలియదు. తెలిసి ఉంటే ఇంకో కంపెనీకి వెళ్లేవాళ్లం, అది ఖాయం. ఆమెకు తెలుసు, వచ్చేవాళ్ల పేర్లు పంపిస్తారు కదా.

"రా అక్కా, ఎన్ని దినాలాయె" అంది. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి తన పని చెప్పింది. చక్కగా చెప్పింది, నాకంటే బాగా. హైబ్రిడ్ విత్తనం అని అమ్మేది నిజంగా హైబ్రిడేనా అని చూడడం ఆ ల్యాబ్ పని. "రెండు గీతలు రావాలె, తల్లిది, తండ్రిది. తల్లి గీత ఒక్కటే వచ్చిందనుకో, గది హైబ్రిడ్ కాదు. తల్లి సొంత పుప్పొడితోనే కట్టిన గింజ. గసుంటిది రైతుకు పోవద్దు." రోజూ ఆమె వెతికేది తండ్రి గీతనే. నేను తేలు కుట్టిన దొంగలా వెనక వరసలో నిలబడ్డాను.

నా విద్యార్థిని ఒకామె చెయ్యెత్తింది. మంచి విద్యార్థిని. "మేడమ్, మరి తండ్రి జన్యువులు గింజలో ఎప్పటి నుంచి పనిచేస్తాయి? మొదటి రోజు నుంచేనా?"

రేణుక నా వైపు చూసింది. ఎత్తిపొడుపు లేదు. ఎంత వెతికినా ఆ చూపులో నాకు ఎత్తిపొడుపు దొరకలేదు.

"గది మీ మేడమ్‌నే అడుగుండ్రి. ఆమెదే పేపరున్నది దాని మీద."

అందరూ నా వైపు తిరిగారు. షెడ్డు మీదుగా ఒక విమానం దిగుతోంది. అది పోయేదాకా ఎవరూ మాట్లాడలేదు, మా పొలంలో లాగే. చెప్పడానికి నాకు ఆ సమయమంతా ఉంది. రేణుక ఎదురుగా ఉంది. పిల్లలు ఉన్నారు. సారు లేరు, పోస్టు పోదు, ఎవరూ నన్ను ఏమీ చేయరు. ఒక్క మాట చాలు.

విమానం పోయింది.

"తొలి రోజుల్లో తల్లివే. తండ్రివి తర్వాత లేస్తాయి" అన్నాను.

పిల్లలు రాసుకున్నారు. రేణుక పక్క బల్ల దగ్గరికి నడిచింది. చాయ్ ఇప్పించింది. అమ్మ మంచిగున్నదా అని అడిగింది, మోకాళ్ల నొప్పులు తగ్గినయా అని అడిగింది. అన్నీ గుర్తున్నాయి ఆమెకు.

మేం చెప్పులు వేసుకుంటుండగా లోపల ఒక టెక్నీషియన్ జెల్ ఒకటి దీపం పెట్టె మీదినుంచి తీసి పారేయబోయింది. అందులో ఏమీ లేదు. ఖాళీ పరీక్ష. రేణుక అక్కడినుంచే కేకేసింది.

"ఆగు. ఖాళీగున్నా ఫొటో తియ్యి. రేపు ఎవరన్న అడిగితే ఏం చూపిస్తవ్?"

మామూలు గొంతే. రోజుకు ఎన్నిసార్లు చెబుతుందో ఆ మాట. నేను ఉన్నానని చెప్పింది కాదు. నేను చెప్పు పట్టీ పెట్టుకుంటూ అలాగే వంగి ఉండిపోయాను, పిల్లలు బస్సెక్కేదాకా.

బస్సులో నాకు ఏడుపు వచ్చిందని రాయాలని ఉంది. రాలేదు. మళ్లీ అదే అబద్ధం ఎంత సులువుగా వచ్చిందా అని ఆశ్చర్యం వేసింది. మొదటిసారి భయం వల్ల అన్నాను. రెండోసారి దేనివల్ల? ఇన్నాళ్లూ పాఠం చెప్పీ చెప్పీ అది నా నోటికి నిజంలా అలవాటైపోయిందా? లేక రేణుక ముందు ఒప్పుకోవడం సారు ముందు ఒప్పుకోవడం కంటే కష్టమా? ఇది రెండోదే అనుకుంటాను. సారు ముందు పోయేది పేపరు. రేణుక ముందు పోయేది ఆమె ఇంకా పిలుస్తున్న అక్క అన్న పిలుపు. దానికి నేను తగనని తెలుసు, వదులుకోలేను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. ఇదంతా రాశాక కూడా నా పేపరు అలాగే ఉంది, పిల్లల నోట్సులో నా వాక్యం అలాగే ఉంది, రేణుక పేరు ముందు డాక్టర్ అన్న మాట లేదు. దాన్ని నేను తిరిగి ఇవ్వలేను. ఆ పిల్లలను వెనక్కి పిలిచి చెబుతానా, పత్రికకు రాస్తానా, రేణుక ఇంటి తలుపు తడతానా? చెబుతానని మీకు మాట ఇచ్చి, ఆ మాటతోనే మంచిదాన్ని అయిపోవాలని లేదు. నా మాట విలువ మీరు చూశారు.

కానీ నన్ను అడిగిన ప్రశ్నలు రెండున్నాయి. వాటికి సరైన జవాబు ఎక్కడో ఒకచోట నా చేత్తో ఉండాలి.

ఆ విద్యార్థిని అడిగినదానికి: అవునమ్మా. మేం చూడగలిగినంత ముందు నుంచే, ఇద్దరివీ పనిచేస్తున్నాయి. అది కనుక్కున్నది రేణుక.

సారు అడిగినదానికి: చేసింది సార్. శుభ్రంగా చేసింది. జెల్ ఖాళీగా ఉంది, ఫొటో వద్దన్నది నేను. చూశాను సార్. పక్కనే ఉన్నాను.